వెనీలా తీగకు కాయ కాయించిన పిల్లవాడు: ఎడ్మండ్ ఆల్బియస్ జీవితం



వార్షికోత్సవ సంచికకు ఒక ప్రముఖుని జీవిత చరిత్ర రాసివ్వమని కమిటీ వారు మమ్మల్ని అడిగారు. అంబేద్కర్ గారి గురించి, ఫూలే గారి గురించి, జాషువా గారి గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మాకంటే బాగా రాస్తున్నారు కూడా. అందుకని ఈసారి మేము సముద్రం అవతలి మనిషిని ఎంచుకున్నాము. ఆయన పుట్టిన దీవిలో ఆయన పేరున బడి ఉంది, వీధి ఉంది. మన బంగారుపాళ్యంలో మాత్రం ఆయన పేరు ఎవరూ విని ఉండరు. అయినా ఆయన చేతి పనిని మనమందరమూ నాలుకతో రుచి చూసినవాళ్లమే. ఎలాగో చెబుతాము.

కిందటేడు వార్షికోత్సవానికి బెంగుళూరులో బేకరీ పని చేసే మన సీనియర్ అన్న ఒకాయన వచ్చారు. వస్తూ వస్తూ అరచేతిలో పట్టేంత రేకు డబ్బా తెచ్చి వంట అక్క చేతిలో పెట్టారు. మూత తీస్తే లోపల నల్లగా, కాస్త జిడ్డుగా ఉండే పొడి. అది ముక్కుపొడి అనుకుని ఏడో తరగతి తమ్ముడొకడు వాసన చూడకముందే తుమ్మాడు. అందరమూ నవ్వాము. తీరా ముక్కు దగ్గర పెట్టుకుంటే ఐస్‌క్రీము వాసన! కాదు, ఐస్‌క్రీముకంటే లోతైన వాసన. బెల్లం పాకం, ఎండు ద్రాక్ష, కొత్త చెక్క పెట్టె, అన్నీ కలిసినట్టు. అది వెనీలా పొడి అని అన్న చెప్పారు.

నిజం ఒప్పుకోవాలి. పీజీలో వృక్షశాస్త్రం చదువుతున్న మాకు కూడా వెనీలా అంటే చిన్న గాజు సీసాలో దొరికే ఎసెన్సు అనే తెలుసు. మా ఇంట్లో మాకు ముందు డిగ్రీ చదివినవారు ఎవరూ లేరు, పుట్టినరోజుకు కేకు కోసినవారూ లేరు. తెల్లగా ఉండే ఐస్‌క్రీముకు వెనీలా అని పేరు గనుక వెనీలా కూడా తెల్లగా ఉంటుందనుకున్నాము. అది ఒక తీగకు కాసే కాయ అనీ, ఎండితే నల్లగా చింతబొట్టంత నల్లగా అవుతుందనీ, ఆ ఎండుకాయను గింజలతో సహా దంచితే వచ్చేదే ఈ పొడి అనీ ఆ రోజే తెలిసింది.

ఆ సాయంత్రం వంట అక్క సేమ్యా పాయసంలో ఏలకులు మానేసి ఈ పొడి వేసింది. లీటరు పాలకు అర చెంచా చాలని అన్న లెక్క చెప్పారు. అక్క నమ్మలేదు, ఒక చెంచా వేయబోయింది, అన్న చేయి పట్టుకుని ఆపారు. సీసా ఎసెన్సయితే పొయ్యి దించాక చివర్లో కలపాలి, లేకపోతే వాసన ఆవిరితో పాటు పోతుంది. పొడి అలా కాదు. పాలు కాగేటప్పుడే వేయాలి, వేడికి నాని అప్పుడు వాసన వదులుతుంది. కేకుకయితే మైదాలోనో చక్కెరలోనో ముందే కలిపి జల్లించుకుంటారు, ఓవెన్ వేడికి కూడా నిలుస్తుంది. కేకు కోసినప్పుడు లోపల సన్నటి నల్ల చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలు చూసి పాయసంలో దుమ్ము పడిందని వడ్డన దగ్గర ఒకరిద్దరు గొణిగారు కూడా. రెండో గరిటె మాత్రం ఎవరూ వద్దనలేదు.

అన్న మాటల్లో ఒకటి మాకు మిగిలిపోయింది. వెనీలా తీగ మన దేశంలో గానీ, మడగాస్కర్‌లో గానీ తనంతట తాను కాయదట. ప్రతి పువ్వునూ మనిషి చేత్తో ముట్టుకుంటేనే కాయ. మరి ఆ ముట్టుకునే విద్య మొదట ఎవరు కనిపెట్టారని అడిగితే అన్నకు తెలియదు. మేము తిరుపతి వెళ్లి లైబ్రరీలో వెతికాము. దొరికినవాడు మన ఏడో తరగతి తమ్ముడి వయసు పిల్లవాడు.

హిందూ మహాసముద్రంలో మడగాస్కర్‌కు తూర్పున ఒక చిన్న దీవి ఉంది. ఇప్పుడు దాని పేరు రీయూనియన్. అప్పట్లో బూర్బన్ అనేవారు. ఫ్రెంచివారి వలస. ఎక్కడో దూరపు దేశం అని కొట్టిపారేయకండి. ఫ్రెంచివారి ఏలుబడిలోనే ఉన్న మన యానాం నుంచి 1828 ప్రాంతంలోనే తెలుగు కూలీలను ఓడ ఎక్కించి ఆ దీవి చెరకు తోటలకు తీసుకుపోయారు. ఆ తెలుగు కూలీలు అక్కడ దిగిన కాలంలోనే, 1829లో, దీవి ఉత్తర తీరంలోని సెయింట్ సుజాన్ అనే ఊళ్లో ఎడ్మండ్ పుట్టాడు.

తల్లి పేరు మెలీజ్. బానిస. కాన్పులోనే చనిపోయింది. తండ్రి పేరు పాంఫిల్ అని కాగితాల్లో ఉంది గానీ బిడ్డకు ఆయన ముఖం తెలియదు. ఇంటిపేరు లేదు. బానిసలకు ఇంటిపేరు ఉండేది కాదు. గొడ్డుకు పేరు పెట్టినట్టు ఒకే పేరు. హాస్టల్లో చేరేరోజు మన దరఖాస్తులో తండ్రి పేరు, ఇంటిపేరు, కులం, ఊరు అని వరుసగా గళ్లుంటాయి కదా. ఎడ్మండ్‌కు ఆ గళ్లన్నీ ఖాళీ. యజమాని పేరు అనే గడి ఒక్కటే నిండుతుంది.

ఆ యజమాని ఫెరియోల్ బెలియే బోమో. భూస్వామి, మొక్కల పిచ్చి ఉన్న మనిషి. తల్లిలేని పిల్లవాడిని ఆయన తన వెంట తోటలో తిప్పుకునేవాడు. మొక్కల పేర్లు, పూల భాగాలు నోటితో చెప్పేవాడు. పిల్లవాడు విని పట్టుకునేవాడు. బడికి పంపలేదు. చదవడం, రాయడం నేర్పించలేదు. ఆయన ఆ పిల్లవాడిని ప్రేమగా చూశాడని పుస్తకాలన్నీ రాస్తాయి. ప్రేమ ఉండి ఉండవచ్చు. అక్షరం మాత్రం ఇవ్వలేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో మాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇప్పుడు తీగ సంగతి. వెనీలా పుట్టిల్లు మెక్సికో. అక్కడి తొటొనాక్ జాతివారు ఎన్నో తరాలుగా దీన్ని వాడేవారు. అస్టెక్ రాజులు చాక్లెట్ పానీయంలో వేసుకునేవారు. స్పెయిన్ వారి ద్వారా యూరప్ వంటిళ్లకు చేరింది. మెక్సికో అడవుల్లో ఉండే కొన్ని జాతుల తేనెటీగలు ఆ పువ్వులోకి దూరి పరాగసంపర్కం చేసేవి. అందువల్ల వందల ఏళ్లు మెక్సికోలో తప్ప ఇంకెక్కడా కాయ కాసేది కాదు. 1819లో, మళ్లీ 1822లో బూర్బన్ దీవికి వెనీలా మొక్కలు తెచ్చి నాటారు. తీగలు చెట్ల మీదికి బాగా పాకాయి. పూశాయి. కాయ మాత్రం లేదు. ఇరవై ఏళ్లు గొడ్డు తీగలుగానే ఉండిపోయాయి.

1836లో బెల్జియం దేశంలో చార్లెస్ మోరెన్ అనే ప్రొఫెసరు అద్దాల ఇంట్లో పెంచిన వెనీలాకు చేత్తో పరాగసంపర్కం చేసి కాయలు కాయించాడు. రెండేళ్ల తరవాత పారిస్‌లోనూ అలాగే చేశారు. కానీ ఆ విద్య తోట పనివాళ్ల చేతికి దిగేంత సులువుగా రాలేదు, పండితుల దగ్గరే ఉండిపోయింది.

1841లో ఒక రోజు బెలియే బోమో ఎడ్మండ్‌ను వెంటేసుకుని తోటలో నడుస్తుండగా ఆయన పాత వెనీలా తీగకు రెండు కాయలు వేలాడుతూ కనిపించాయి. ఆశ్చర్యపోయి పిల్లవాడికి చూపించాడు. అది తాను చేసిందేనని పన్నెండేళ్ల ఎడ్మండ్ చెప్పాడు. యజమాని నమ్మలేదు. కొన్నాళ్లకు మరో కాయ పుట్టింది. అప్పుడు ఎలా చేశావో చేసి చూపించమన్నాడు.

ఇంటర్ బైపీసీ తమ్ముళ్లు ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. వెనీలా ఆర్కిడ్ జాతి. దాని పువ్వులో పుప్పొడి ముద్ద పైన ఉంటుంది, కీలాగ్రం కింద ఉంటుంది. రెండింటి మధ్య నాలుకలాంటి చిన్న పొర అడ్డుగా ఉంటుంది. అదే మొత్తం చిక్కు. కిందటి సంవత్సరాల్లో బెలియే బోమో పుచ్చజాతి తీగ ఒకదానికి మగ పువ్వును, ఆడ పువ్వును చేత్తో ఎలా కలపాలో ఎడ్మండ్‌కు చూపించి ఉన్నాడు. పిల్లవాడు దాన్ని మనసులో పెట్టుకుని వెనీలా పువ్వును విప్పి చూశాడు. అడ్డు ఎక్కడుందో కనిపెట్టాడు. సన్నటి వెదురు పుల్లతో ఆ పొరను పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని కీలాగ్రానికి అదిమాడు. అంతే. చేయి తిరిగితే కొన్ని సెకన్ల పని. పువ్వు తెల్లవారుజామున విచ్చి మధ్యాహ్నానికి వాడిపోతుంది. ఆ ఒక్క పూటలోనే చేయాలి. మళ్లీ విచ్చదు.

యజమాని దీవిలోని మిగతా తోటల యజమానులకు కబురుపెట్టాడు. ఎడ్మండ్‌ను బండిలో ఎక్కించి ఒక్కో తోటకూ పంపించారు. ఆ పిల్లవాడు వెళ్లి అక్కడి బానిసలకు చూపించి వచ్చేవాడు. ఆలోచించండి, చదువు చెప్పని పిల్లవాడు దీవి అంతటికీ పంతులయ్యాడు. జీతం లేదు. బానిసకు జీతమేమిటి?

ఈ భాగం చదువుతున్నప్పుడు మాకు కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన సహాధ్యాయులు గుర్తొచ్చారు. అక్కడ 2000 ప్రాంతంలో సంకర జాతి పత్తి విత్తనాల పొలాల్లో క్రాసింగ్ పనికి పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను పెట్టుకునేవారు. మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకు రుద్దడం, రోజుకు వందల పూలు. పిల్లల వేళ్లు సన్నగా ఉంటాయి, పువ్వు చిట్లదు, కూలీ తక్కువ, ఇవీ వారు చెప్పే కారణాలు. బడి మాన్పించిన ఆ పిల్లల్లో కొందరు తరవాత బ్రిడ్జి కోర్సుల ద్వారా మనలాంటి హాస్టళ్లకు చేరారు. వారిలో ఒకామె మా తరగతిలోనే ఉంది. ఎడ్మండ్ కథ చెబితే ఆమె వెంటనే తన బొటనవేలు చూసుకుంది.

ఇక కాయ సంగతి వివరంగా చెప్పకపోతే పొడి విలువ తెలియదు. పరాగసంపర్కం జరిగాక కాయ తొమ్మిది నెలలు తీగ మీదే ఉంటుంది. చిక్కుడుకాయంత పచ్చగా, జానెడు పొడుగ్గా పెరుగుతుంది. అప్పుడు కోసి వాసన చూస్తే ఏమీ ఉండదు. మన మామిడిని మండీకి పచ్చికాయగా పంపి గడ్డిలో మాగబెట్టినట్టే దీన్నీ మాగబెట్టాలి, కాకపోతే నెలల తరబడి. ముందు అరవై అయిదు డిగ్రీల వేడి నీళ్లలో మూడు నిమిషాలు ముంచుతారు. వేడివేడిగా ఉన్నవాటినే కంబళ్లలో చుట్టి పెట్టెలో పెట్టి చెమటలు పట్టిస్తారు. నల్లబడతాయి. తరవాత రోజూ కొన్ని గంటలు ఎండలో పరచి మళ్లీ చుట్టి పెడతారు. ఆపైన రెండు మూడు నెలలు నీడలో ఆరబెడతారు. చివరికి పెట్టెల్లో మూసి ఇంకొన్ని నెలలు. అప్పటికి అయిదారు కిలోల పచ్చికాయ ఒక కిలో అవుతుంది. కుంకుమపువ్వు తరవాత అంత ఖరీదైన సుగంధద్రవ్యం లేదంటే కారణం ఇదే. వేడి నీళ్ల పద్ధతి కూడా ఎడ్మండ్ పని తరవాత పదేళ్లలో ఆ దీవిలోనే కుదిరింది.

పొడి చేయాలంటే మాగిన కాయను ఇంకా ఆరబెట్టాలి. వంచితే వంగకుండా పుటుక్కున విరగాలి. ముక్కలు చేసి మిక్సీలో తిప్పి జల్లెడ పట్టాలి. మిక్సీ వేడెక్కితే నూనె వదిలి గిన్నెకు అంటుకుంటుంది కాబట్టి ఆపి ఆపి తిప్పాలి, లేదా గుప్పెడు చక్కెర కలిపి తిప్పాలి. గాలి చొరని డబ్బాలో ఎండ తగలకుండా పెట్టుకుంటే చాలా నెలలు ఉంటుంది. ఇందులోనూ మోసం ఉందని బేకరీ అన్న చెప్పారు. ఎసెన్సు పిండేసిన పిప్పిని ఎండబెట్టి దంచి పొడి అని అమ్ముతారట. చుక్కలు కనిపిస్తాయి, వాసన ఉండదు. తెల్లగా ఉండే వెనీలా పొడి అని అంగట్లో దొరికేదయితే చక్కెరకు రసాయనం పట్టించినది. అది తప్పని కాదు, చవక కూడా, కానీ అది వేరే వస్తువు.

ఇక్కడి నుంచి ఎడ్మండ్ కథ చేదు.

1848 డిసెంబరు 20న బూర్బన్ దీవిలో బానిసత్వం రద్దయింది. అరవై వేల పైచిలుకు మనుషులు ఒక్క రోజులో స్వతంత్రులయ్యారు. దీవి పేరు కూడా ఆ సంవత్సరమే రీయూనియన్ అయింది. స్వతంత్రులందరికీ ఇంటిపేర్లు రాసుకుంటూ పోయారు గుమాస్తాలు. ఎడ్మండ్‌కు ఆల్బియస్ అని రాశారు. లాటిన్ భాషలో తెలుపు అనే మాటకు దగ్గరి పేరు. నల్లటి మనిషికి తెల్లని పేరు పెట్టినవారు వెనీలా పువ్వు రంగును తలచుకున్నారో, వేళాకోళమాడారో తెలియదు గానీ మనిషికి మాత్రం మొదటిసారి ఇంటిపేరు వచ్చింది.

మరుసటి ఏడాది, 1849లో, ఫ్రెంచి ప్రభుత్వం నష్టపరిహారం చట్టం చేసింది. పరిహారం ఎవరికి అనుకుంటున్నారు? బానిసలను పోగొట్టుకున్న యజమానులకు! పుట్టినప్పటి నుంచి కూలీ లేకుండా చాకిరీ చేసినవారికి కానీ కూడా లేదు. ఖాళీ అయిన చెరకు తోటల్లోకి మళ్లీ మన దేశపు తీరం నుంచి కూలీలను ఓడల్లో దించారు. పుదుచ్చేరి, కారైకాల్, యానాం, ఆ తరవాత మద్రాసు వైపు నుంచి అరవ, తెలుగు జనం వేలల్లో వెళ్లారు. 1882లో బ్రిటిష్ ప్రభుత్వం ఆపేదాకా ఆ ప్రయాణాలు సాగాయి.

ఎడ్మండ్‌కు అప్పుడు పంతొమ్మిదేళ్లు. భూమి లేదు, చదువు లేదు, చేతిలో ఉన్న విద్య అందరికీ ఉచితంగా పంచేశాడు. ముఖ్య పట్టణం సెయింట్ డెనిస్‌కు పోయి ఒక సైనికాధికారి ఇంట్లో వంటింటి పనివాడిగా కుదిరాడు. 1852లో నగల దొంగతనం కేసులో శిక్ష పడింది. సంకెళ్లతో కఠిన శ్రమ, ఏళ్ల తరబడి.

ఆయన తీశాడా లేదా అని మేము తీర్పు చెప్పలేము. కోర్టు తీశాడంది. తీసి ఉండవచ్చు కూడా. దీవికి అంత సంపద తెచ్చిన మనిషి జేబులో ఏమీ లేకపోవడం ముందు మాకు కనిపిస్తుంది, నగలు తరవాత కనిపిస్తాయి. ఇలా రాస్తున్నామంటే మాకొక కారణముంది. మేము తొమ్మిదో తరగతిలో ఉండగా చుట్టుపక్కల ఒక ఇంట్లో సెల్‌ఫోను పోయింది. ఎవరూ ఏమీ ఆలోచించకుండా ముందు మా ట్రంకుపెట్టెలు తెరిపించారు. బట్టలు, నోటుపుస్తకాలు, అమ్మ కట్టిచ్చిన శనక్కాయల మూట, అన్నీ వరండాలో పోశారు. రెండు రోజులకు ఫోను వాళ్ల మంచం కిందే దొరికింది. ఎవరూ వచ్చి ఆ మాట చెప్పలేదు, పాలు పోసే ఆయన ద్వారా తెలిసింది. మేము మళ్లీ బట్టలు మడత పెట్టుకున్న సాయంత్రం ఇప్పటికీ గుర్తుంది.

జైలు నుంచి ఎడ్మండ్‌ను బయటకు తేవడానికి పాత యజమాని బెలియే బోమో, మెజియేర్ లెపెర్వాంచ్ అనే స్థానిక న్యాయాధికారి ప్రయత్నం చేశారు. దీవికి ఇంత ఆదాయం తెచ్చిన పరిశ్రమ ఈ మనిషి వేలి నుంచి పుట్టిందని గవర్నరుకు విన్నవించారు. గడువు తీరకముందే విడుదల చేశారు. ఆయన తిరిగి సెయింట్ సుజాన్‌కే, తాను పెరిగిన తోట దగ్గరికే వెళ్లాడు.

ఆదాయం ఎంత పెరిగిందో ఒకసారి చూడండి. 1848లో ఆ దీవి నుంచి ఫ్రాన్సుకు ఎగుమతి అయిన వెనీలా సుమారు 50 కిలోలు. 1858లో రెండు టన్నులు. 1867లో ఇరవై టన్నులు. 1898 నాటికి రెండు వందల టన్నులు. మెక్సికోను దాటేసింది.

డబ్బు వచ్చాక పేరు కోసం పోటీ వస్తుంది. క్లాడ్ రిచర్డ్ అనే పేరున్న వృక్షశాస్త్రజ్ఞుడు, రాజోద్యానం అధికారి, అసలు ఈ విద్య 1838లోనే తాను దీవిలో చూపించానని, ఆ పిల్లవాడు చాటుగా చూసి నేర్చుకున్నాడని చెప్పుకున్నాడు. ఒకవైపు చదువుకున్న తెల్ల దొర. మరొకవైపు సంతకం కూడా చేయలేని మాజీ బానిస, అందులోనూ జైలుకు వెళ్లివచ్చినవాడు. ఎవరి మాట చెల్లుతుంది?

ఇక్కడ బెలియే బోమోను మెచ్చుకోక తప్పదు. రిచర్డ్ ఆయనకు చిరకాల స్నేహితుడు. అయినా 1860 దశకం మొదట్లో ఆయన ఎడ్మండ్ పక్షాన ఉత్తరం రాశాడు. స్నేహితుని నొప్పించడం ఇష్టం లేదంటూనే, ఎడ్మండ్‌కు తాను రుణపడి ఉన్నానని రాశాడు. ఆయన వాదన చాలా సూటిగా ఉంది. 1838లోనే అంతా నేర్చుకుని ఉంటే 1841 దాకా ఒక్క తోటలోనూ కాయ ఎందుకు కాయలేదు? తోటల యజమానులు బండ్లు పంపి మరీ ఈ పిల్లవాడిని ఎందుకు పిలిపించుకున్నారు? ఈ ప్రశ్నలకు రిచర్డ్ వైపు నుంచి సరైన సమాధానం లేదు. 1863లో ఆంటోయిన్ రూసాన్ అనే చిత్రకారుడు రీయూనియన్ చిత్రాల సంపుటంలో ఎడ్మండ్ బొమ్మ అచ్చు వేశాడు. చేతిలో వెనీలా తీగతో ఉన్న ఆ బొమ్మ వల్లనే ఆయన రూపం మనకు తెలుసు.

అక్షరం ఇవ్వని ఆ యజమాని అక్షరమే చివరికి ఎడ్మండ్ పేరును కాపాడిందన్న సంగతి మాకు కొంచెం బాధగానే ఉంటుంది. ఎడ్మండ్ స్వయంగా రాసుకున్నది ఒక్క ముక్క లేదు. తాను ఆ పువ్వును మొదటిసారి విప్పినప్పుడు ఏమనుకున్నాడో, ఎన్ని పూలు చెడగొట్టాక కుదిరిందో, రెండు కాయలు చూసినప్పుడు సంతోషంతో గెంతాడో, యజమాని తిడతాడని భయపడ్డాడో, ఏదీ మనకు దొరకదు.

ఉత్తరాలు పేరును నిలబెట్టాయి, కూడు పెట్టలేదు. ఆయనకు కొంచెం భృతి ఇవ్వాలని పెట్టిన విన్నపాలకు ప్రభుత్వం నుంచి జవాబు రాలేదు. పెళ్లి చేసుకున్నాడు. ఊళ్లోనే పేదగా బతికాడు. చుట్టూ తోటల్లో ప్రతి ఏడూ పూల కాలంలో వేలమంది చేతులు ఆయన చూపించిన పనే చేస్తున్నాయి. 1880 ఆగస్టు 9న సెయింట్ సుజాన్ ఆసుపత్రిలో 51 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆ నెలలోనే ఒక స్థానిక పత్రిక ఆయన దిక్కులేని పేదగా పోయాడని రాసింది.

ఆయన పోయేనాటికే పారిస్, జర్మనీ లాబొరేటరీల్లో ఇంకో కథ మొదలైంది. 1858లో గోబ్లే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వెనీలా కాయ నుంచి వెనిలిన్‌ను వేరు చేశాడు. 1874లో జర్మనీలో టీమాన్, హార్మాన్ అనేవారు దేవదారు జాతి చెట్ల రసం నుంచి దాన్నే తయారుచేశారు. మన అంగళ్ల సీసాల్లో ఉండేది ఎక్కువగా ఇదే. అయినా కాయ చావలేదు. రీయూనియన్ నుంచి విద్య మడగాస్కర్‌కు పాకింది, ఇప్పుడు ప్రపంచపు వెనీలాలో అత్యధిక భాగం అక్కడిదే. 2000లో అక్కడ హుదా తుపాను తోటలను పాడుచేసింది. ధర ఆకాశానికి ఎగిరింది. ఆ మోజులో కర్ణాటక, కేరళ రైతులు చాలామంది వెనీలా వేశారు, 2003 దాకా బాగా సంపాదించారు, 2004లో ధర కుప్పకూలి నష్టపోయారు. టమోటా ధర చూసిన మన చిత్తూరు జిల్లావారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఎక్కడ వేసినా పని మాత్రం ఎడ్మండ్ పనే. పొద్దున్నే పుల్ల పట్టుకుని తీగ దగ్గరికి పోవాలి. చేయి తిరిగినవారు ఒక పూటలో వెయ్యి పూల పైగా చేస్తారు. 1841 తరవాత ఇంతకంటే మంచి ఉపాయం ఎవరికీ దొరకలేదు.

ఈసారి వార్షికోత్సవానికి బేకరీ అన్నకు సెలవు దొరకలేదు. డబ్బా మాత్రం బస్సులో పంపారు, దానితో పాటు గాజు సీసాలో ఒక నిండు కాయ. పొడి వంట అక్క దగ్గర ఉంది, ఈసారి రవ్వ కేసరిలో వేస్తానంటోంది, లెక్క అర చెంచా అని డబ్బా మీద మేము రాసి అంటించాము. కాయ వార్డెన్ సారు బల్ల మీద ఉంది. చూడాలనుకునే తమ్ముళ్లు సాయంత్రం స్టడీ అవరు ముందు వెళ్లి సారును అడిగి చూడవచ్చు. మూత తీసి వాసన చూసి మళ్లీ గట్టిగా బిగించండి. ఎంపీసీ, బైపీసీ అని లేదు, ఎవరైనా చూడవచ్చు. విరవకండి, అది ఒక్కటే ఉంది.